కాజీపల్లి కిశోరం

హైదరాబాదు చుట్టుపక్కల బొల్లారాలు రెండున్నవి. ఒకటి సికిందరాబాదు పక్కన, రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం. చెట్లనీడలు, వెడల్పాటి రోడ్లు, దొరలనాటి బంగళాలు దాని సొత్తు. రెండవది పటాన్‌చెరువు వైపు, మందుల ఫ్యాక్టరీల మధ్య ఉన్న బొల్లారం. మొదటిదానికి చూడడానికి వెళతారు, రెండవదానికి పనికి వెళతారు. ఈ రెండవ బొల్లారం దాటి ఇంకా కొంతదూరం పోతే కాజీపల్లి వస్తుంది. యాత్రాస్థలాల పట్టికలో దాని పేరు కనిపించదు. అక్కడ జలపాతం లేదు, గాలిగోపురం లేదు. పొగగొట్టాలకు మాత్రం కొదవలేదు. అయినా 2024 సంక్రాంతి లగాయతు నేను ఆ ఊరికి అయిదారుసార్లు వెళ్ళాను. వెళ్ళింది ఒక గుర్రప్పిల్లను చూడడానికి అంటే మా కాలేజీలో తోటి ఉపన్యాసకులు నవ్వారు. పాఠకులు నవ్వినా నాకు అభ్యంతరం లేదు, కాని సంగతి పూర్తిగా విని నవ్వాలి.

కాజీపల్లి ఒకప్పటి మెదకు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఈ ప్రాంతానికి లోకంలో రెండు విధాల ప్రసిద్ధి ఉన్నది. 1972లో పటాన్‌చెరువులో వెలసిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ పంటల మీద చేసే పరిశోధన వల్ల వచ్చినది మొదటిది. రెండవది పారిశ్రామికవాడలు తెచ్చిపెట్టినది. ఫ్యాక్టరీల మురుగు వాగుల్లో పడుతున్నదని 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే పటాన్‌చెరువు కేంద్రం నుంచి వెలువడే నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి, అందులో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉన్నదని 2007లో ప్రకటించారు. ఆ మాత్ర మింగిన రోగి నెత్తురులో కూడా అంత మందు ఉండదు. 2014లో కాజీపల్లి చెరువు వంతు వచ్చింది. మందులకు లొంగని శక్తినిచ్చే జన్యువులు ఆ చెరువు అడుగు మట్టిలో కొల్లలుగా ఉన్నవని మరొక పరిశోధన తేల్చింది. ఆ విధంగా, పక్క జిల్లాలవారికి కూడా తెలియని ఒక పల్లె చెరువు పేరు విదేశీ శాస్త్ర పత్రికలకెక్కింది.

అంతమాత్రాన ఊరంతా పొగే అనుకోకూడదు. కాజీపల్లి అడవి కూడా ఉన్నది. 1650 ఎకరాల ఈ రిజర్వు అడవిని 2020లో సినిమా నటుడు ప్రభాస్ దత్తత తీసుకున్నప్పుడు పత్రికలన్నీ వ్రాశాయి. అడవి అంచునా, ఫ్యాక్టరీ గోడల వెనుకా నగరవాసులు కొన్న తోటలున్నవి. నాలుగు మామిడిచెట్లు, ఒక చిన్న ఇల్లు, ఆదివారం వచ్చి పోవడానికి ఒక సాకు. అటువంటి తోటలలో ఒకదానికి నన్ను తీసుకుపోయినవాడు నా పాత విద్యార్థి. అక్కడి ఒక కంపెనీలో లెక్కలు చూస్తున్నాడు. "సార్, మా దోస్తు తోటల చిన్న గుర్రం ఈనింది. పిల్ల ఎట్లనో ఉన్నది. మీరు గుర్రాల శాస్త్రం చెప్పినరు గద, ఒక్కసారి వచ్చి చూడండ్రి" అని ఫోను చేశాడు. నేను చెప్పింది మనుమంచి భట్టు పద్యాలలో వ్రాసిన అశ్వశాస్త్రం గురించి. పద్యం చదివితే గుర్రప్పిల్ల లేచి నిలుచుంటుందా అని అడిగాను. "మీరు రండ్రి సార్, డాక్టరమ్మ గూడ వస్తున్నది" అన్నాడు. ఆదివారం కావడంతో మా ఆవిడా, అమ్మాయీ కూడా బయలుదేరారు.

తోట యజమానికి పొట్టి జంతువులంటే ముచ్చట. అప్పటికే పుంగనూరు ఆవులు రెండున్నవి. ఆ సంక్రాంతికే ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫోటో దేశమంతటా వచ్చింది. దానితో ఈయన ఉత్సాహం రెట్టింపయింది. పొట్టి గుర్రాల జతను అంతకు రెండేళ్ళ ముందే ఎక్కడినుంచో తెప్పించాడు. పెద్ద కుక్కకంటె కొంచెం ఎత్తుగా, మెడమీద దట్టమైన జూలుతో ముచ్చటగా ఉన్నవి. వాటి పిల్ల ముందురోజు రాత్రి పుట్టింది.

చూడగానే మా అమ్మాయి "అబ్బ, బొమ్మలాగా ఉంది!" అన్నది. నిజానికి అందరూ ఆ మాటే అంటున్నారు. అరచేతిలో పట్టేటంత మూతి, గుండ్రటి నుదురు, పెద్దపెద్ద కళ్ళు. డాక్టరమ్మ మాత్రం ముచ్చటపడకుండా, చాపమీద పడుకున్న పిల్ల పక్కన కూర్చుని తలనుంచి గిట్టలదాకా చేతితో తడిమి చూడసాగింది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో చదివిన మనిషి. "బొమ్మలాగా ఉండడమే దీనితో వచ్చిన చిక్కు. ముందు గుర్రంలాగా ఉన్నదా లేదా చూడాలి" అన్నది.

ఆమె చెప్పిన పరీక్ష చాలా సులువైనది. పొట్టి జాతి గుర్రాన్ని, పక్కన మనిషిగాని చెట్టుగాని లేకుండా ఫోటో తీస్తే, చూసేవారికి అది మామూలు పెద్ద గుర్రంలాగానే కనబడాలి. కాళ్ళు, మెడ, తల అన్నీ ఒకే పాళ్ళలో తగ్గివుండాలి. అమెరికాలో ఈ జాతికోసం 1978లో ఏర్పడిన సంఘం వారి లెక్కలో జూలు చివర కొలిస్తే ఎత్తు 34 అంగుళాలు మించకూడదు, కాని పొందిక చెడకూడదు. ఈ పిల్లలో పొందిక లేదు. తల ఒంటికి మించిపోయింది. ముక్కుదూలం కళ్ళమధ్య లోపలికి అణిగి, కింది దవడ ముందుకు పొడుచుకు వచ్చింది. మెడ కురచ, పొట్ట పీపాలాగా ఉన్నది. వెనుక కాళ్ళ మోకాళ్ళు రెండూ ఒకదానినొకటి తాకుతున్నవి, ముందుకాళ్ళు కీళ్ళదగ్గర పక్కకు వంగినవి.

మన భాషలో ఈ తేడాకు మాటలు విడివిడిగానే ఉన్నవి. పొట్టివాడు వేరు, మరుగుజ్జు వేరు. పొట్టితనం ఒక కొలత. మరుగుజ్జుతనం ఎముక పెరగడంలో వచ్చిన లోపం. పుంగనూరు ఆవు పొట్టిది, మరుగుజ్జు కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పుంగనూరు, పలమనేరు, మదనపల్లె ప్రాంతాల రైతులు తక్కువ మేతతో, తక్కువ నీటితో బతికే పశువును తరతరాలుగా ఎంచి పెంచగా ఏర్పడిన జాతి అది. మూడడుగులకు అటూయిటూగా ఉండి కూడా గట్టుమీద చకచకా నడుస్తుంది, చిక్కటి పాలిస్తుంది. గుర్రాలలోనూ అంతే. షెట్లాండు దీవుల పొట్టి గుర్రాలు ఇంగ్లండు బొగ్గు గనులలో బండ్లు లాగాయి. ఆడవాళ్ళనూ, పదేళ్ళలోపు పిల్లలనూ గనులలోకి దింపగూడదని 1842లో చట్టం వచ్చిన తరువాత వాటికి గిరాకీ పెరిగింది. పొట్టితనం పనికి అడ్డం కాలేదు సరికదా, అదే వాటి పని అయింది. మరుగుజ్జుపిల్లకు అటువంటి అదృష్టం లేదు. అది పుట్టిన క్షణంనుంచే ఊపిరికీ, పాలకూ, నడకకూ పోరాడాలి.

ఇంతలో పక్కచేనుకు చెందిన ఒక పెద్దాయన కర్ర ఊతంగా వచ్చి, దడి దగ్గర నిలబడి పిల్లను చాలాసేపు చూశాడు. ఎనభై ఏళ్ళకు దగ్గరలో ఉంటాడు. తరువాత మెల్లగా అడిగాడు:

"డాక్టరమ్మా, ఇది నీళ్ళ వల్లనే గిట్లయిందా?"

తోట యజమాని నవ్వబోయాడు. పెద్దాయన నవ్వలేదు.

"అప్పట్ల మా బర్రెలు ఈచుకపోయినయి. వాగుల నీళ్ళు తాగి రెండు పడ్డచోటనే సచ్చినయి. గప్పుడు గూడ గిట్లనే అడిగినం. నీళ్ళకేం గాలే, మీకే మేపుడు రాదన్నరు. ఎవలన్న సూసి చెప్తరేమోనని అడుగుతున్న, బిడ్డా."

కాజీపల్లిని గురించి నేను చదివిన అంకెలన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు చిన్నవైపోయాయి. గొడ్డు ఎందుకు చచ్చిందో చెప్పమని అడిగిన రైతుకు, చూడకుండానే జవాబు చెప్పి పంపేశారు. ఇన్నేళ్ళ తరువాత ఎవరిదో గుర్రప్పిల్లను అడ్డం పెట్టుకొని ఆయన ఆ పాత ప్రశ్నే మళ్ళీ వేస్తున్నాడు.

డాక్టరమ్మ ఆయన ప్రశ్నను కొట్టిపారవేయలేదు. ఇటువంటి పిల్ల పుట్టడానికి మూడు దారులున్నవనీ, మూడింటినీ చూడకుండా ఏదీ చెప్పలేననీ అన్నది. మొదటిది నెలలు నిండకపోవడం. గుర్రం పదకొండు నెలల చూలు. అంతకు బాగా ముందుగా పుట్టిన పిల్లకూ నుదురు ఉబ్బెత్తుగా ఉంటుంది, చెవులు వాలిపోతాయి, నరాలు సడలి గిట్టలు నేలకు సరిగా ఆనవు, ఒంటి వెంట్రుక పట్టులాగా ఉంటుంది. రెండవది గొంతులోని థైరాయిడు గ్రంథి లోపం. తల్లి మేతలో అయోడిను తక్కువైనా, నైట్రేటులు మితిమీరినా ఇది రావచ్చునని కెనడా పడమటి ప్రాంతాలలో గమనించారు. అటువంటి పిల్లలకు కూడా కింది దవడ ముందుకు వస్తుంది, కాళ్ళు ముడుచుకుంటాయి. కనుక మేతనూ నీటినీ అనుమానించడం తెలివితక్కువ పని కాదు. మూడవది వంశపారంపర్యం. మృదులాస్థిని, అంటే ఎముకకు అచ్చుగా ఉండే లేత ఎముకను, తయారుచేసే ఒక జన్యువులో లోపం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా ఆ లోపం వస్తేనే పిల్ల మరుగుజ్జు అవుతుంది. ఒకవైపే వస్తే గుర్రం చూడడానికి చక్కగానే ఉంటుంది, కాని లోపాన్ని మోస్తూ ఉంటుంది. పొట్టి గుర్రాలలో ఈ జన్యువుకు నాలుగు రకాల లోపాలున్నట్టు అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రచురించారు. ఇప్పుడు నాలుగు వెంట్రుకలు కుదుళ్ళతో పీకి పంపితే, ఏ గుర్రం దేనిని మోస్తున్నదో అక్కడి ప్రయోగశాలలలో చెప్పగలుగుతున్నారు.

రక్తం తీశారు. కాళ్ళకు ఎక్స్‌రే తీయించారు. జత కట్టించిన తేదీ చూస్తే నెలలు నిండినవని తేలింది. థైరాయిడు పరీక్షలో లోపం కనిపించలేదు. ఎముకల కొనలు మాత్రం కురచగా, పుట్టగొడుగుల్లాగా వెడల్పయి ఉన్నవి. చివరకు యజమాని అసలు సంగతి బయటపెట్టాడు. ఆ జతను కొన్నచోట రెండిటికీ తండ్రి ఒకటే! అక్కడ అంతకుముందు కూడా ఇటువంటి పిల్ల ఒకటి పుట్టి చనిపోయిందట. చిన్నవాటిని చిన్నవాటితోనే, అదీ ఒకే ఇంటివాటిని, జత కట్టిస్తూ పోతే ఎక్కడో దాగివున్న లోపాలు రెండూ ఒకచోట కలుస్తాయి. 1940, 1950 దశకాలలో అమెరికాలో హెరిఫర్డు పశువులకు జరిగింది ఇదే. ప్రదర్శనలలో పొట్టిగా, గుండుగా ఉన్న కోడెలకు బహుమతులిచ్చారు. ఆ మోజు వెంట మరుగుజ్జు దూడలు మందలు మందలుగా పుట్టుకొచ్చాయి. పేరు పోతుందని పెంపకందార్లు వాటిని దాచారు. దాచినకొద్దీ లోపం వ్యాపించింది.

వారం తరువాత డాక్టరమ్మ పెద్దాయన ఇంటికి స్వయంగా వెళ్ళి, ఈ పిల్ల వరకు నీళ్ళ తప్పు కాదని, ఎందుకు కాదో కూడా చెప్పింది. ఆయన అంతా విని, "సరే బిడ్డా. సూసి చెప్పినవు, గంతే సాలు" అన్నాడు.

ఇక పెంపకం సంగతి. మొదటి రాత్రి ఆ పిల్లను బతికించినది తోట కాపలాదారు భార్య. గుర్రప్పిల్ల గంటలోగా నిలబడాలి, రెండు గంటలలోగా పాలు కుడవాలి, తల్లికి మూడు గంటలలోగా మాయ పడాలి. ఇది గుర్రాలవాళ్ళ లెక్క. మనుషుల్లాగా గుర్రపు పిల్లకు తల్లి కడుపులో ఉండగా రోగనిరోధక శక్తి అందదు. అదంతా ముర్రుపాలలోనే రావాలి. మొదటి ఆరు గంటలు బంగారం. రోజు గడిస్తే ఆ పాలు తాగినా పేగు ఆ శక్తిని పీల్చుకోలేదు. ఈ పిల్లకు పొదుగు అందలేదు. దవడ కుదరక చన్ను పట్టు చిక్కలేదు. శాస్త్రం తెలియకపోయినా ఆవిడ ముర్రుపాలు పిండి, సీసాతో కొంచెం కొంచెంగా పట్టింది. తల మరీ పైకెత్తకుండా, పిల్ల పొదుగు కింద నిలబడినప్పుడు ఎట్లా ఉంటుందో అట్లాగే పట్టింది. పాలు ముక్కులోంచి కారడం లేదు కనుక అంగిలి చీలలేదని డాక్టరమ్మ సంతోషించింది. "మేకపిల్లలకు పట్టలేదా సార్, ఇదీ గంతే" అన్నది ఆవిడ.

బొడ్డుకు మందు అద్దారు. పుష్యమాసపు చలికి గోనెపట్టా కప్పి, కింద ఎండుగడ్డి మందంగా పరిచారు. గచ్చునేలమీద జారితే ఉన్న కాళ్ళు కూడా పోతాయి కనుక మట్టినేలమీదే ఉంచారు. వంకర కాళ్ళకు దూది చుట్టి, నీళ్ళ ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువుగా చీల్చి బద్దలుగా కట్టారు. రోజూ విప్పి, చర్మం ఒరుసుకున్నదేమో చూసి మళ్ళీ కట్టాలి. ఇందులో ఆలస్యం పనికిరాదు. గిట్టపైన ఉన్న కీలుదగ్గర పెరుగుదల మొదటి రెండు మూడు నెలలలోనే చాలావరకు ముగిసిపోతుంది. ఆ తరువాత బద్దలు కట్టినా, మట్టుకు మట్టే. మలక్‌పేట గుర్రప్పందాల మైదానం దగ్గరనుంచి ఒక ముసలి నాల్‌బందును పిలిపించారు. పెద్దపెద్ద పందెపు గుర్రాలకు నాడాలు కొట్టిన ఆ చేతులు రూపాయి బిళ్ళంత గిట్టలను ఆకురాయితో అరగదీయడం చూడవలసిన దృశ్యం. రెండు వారాలకొకసారి వచ్చి, అరిగినవైపు ముట్టకుండా పెరిగినవైపు మాత్రం తీసి, కాలు నేలమీద తిన్నగా ఆనేటట్టు చేసేవాడు.

తరువాతి నెలలలో వేరే చిక్కులు వచ్చాయి. మామూలు గుర్రానికున్నన్ని పళ్ళూ కురచ దవడలో ఇరుక్కుని ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. మేత సరిగా నమలక కడుపునొప్పి వచ్చే ప్రమాదం ఉంటుంది కనుక గడ్డి సన్నగా తరిగి, దాణా నానబెట్టి పెట్టారు. చూడవచ్చినవాళ్ళు బెల్లంముక్కలు, బిస్కట్లు పెట్టబోతే కాపలాదారు భార్య కర్ర తీసేది. ఒళ్ళు బరువెక్కితే ఆ కాళ్ళు మోయలేవు. అట్లాగని పస్తు పెట్టనూ కూడదు. పొట్టి గుర్రాలు హఠాత్తుగా మేత మానితే ఒంటి కొవ్వంతా నెత్తుటిలోకి దిగి కాలేయం దెబ్బతింటుంది.

అసలు పరీక్ష ఆ వేసవిలో ఎదురయింది. పిల్ల ఫోటో ఊళ్ళు తిరిగి, నగరంనుంచి ఒకాయన కారులో వచ్చాడు. పిల్లలు ఆడుకునే వినోదశాల పెడుతున్నాడట. "ప్రపంచంలోకెల్లా చిన్న గుర్రం" అని బోర్డు కడతానన్నాడు. యజమాని మనసు ఊగిసలాడింది. ఆ జతనే మళ్ళీ కట్టిస్తే మరొకటి పుట్టదా అని కూడా ఆ పెద్దమనిషి అడిగాడు. డాక్టరమ్మ ఫోనులో యజమానికి ఒక కథ చెప్పింది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో 2001లో థంబెలీనా అనే మరుగుజ్జు గుర్రం పుట్టింది. ఎత్తు పదిహేడున్నర అంగుళాలు. గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అంత కీర్తి వచ్చినా దాని యజమానులు దానికి సంతానం వద్దనుకున్నారు. అది పదిహేడేళ్ళ వయసు దాకా బతికి 2018లో చనిపోయింది. "దానిని చూసి లోకం మురిసింది. మురవడం తప్పు కాదు. మురిపెం కోసం మరొకదాన్ని పుట్టించడం తప్పు" అన్నదట. కొనవచ్చినాయన వట్టి కారుతో వెళ్ళిపోయాడు. నెలలోగా తండ్రి గుర్రానికి విత్తులు తీయించారు. తాను ఈ జత కొన్నచోటికి కూడా యజమాని కబురు పంపాడు. దాచకపోవడం వల్ల ఆయనకు నష్టమే తప్ప లాభం లేదు. అయినా పంపాడు.

సంస్కృతంలో 'కిశోరం' అంటే మొదట గుర్రప్పిల్ల అనే అర్థం. తరువాతనే అది మనుషుల పిల్లలకు వచ్చింది. ఈ సంగతి క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. కాజీపల్లిలో మాత్రం ఆ మాట పేరయింది. మా అమ్మాయి పెట్టిన 'కిశోర్' అనే పేరు తోటవాళ్ళ నోళ్ళలో 'కిసోరు' అయింది. 2025 సంక్రాంతికి వెళ్ళినప్పుడు దానికి ఏడాది నిండింది. ఎత్తు ఇరవై అంగుళాలు. పరుగెత్తలేదు, కాని నాలుగు కాళ్ళమీద తనంతట తాను నడుస్తుంది. చలికాలం పొద్దున కీళ్ళు పట్టేస్తాయి. నొప్పికి మందు ఇస్తున్నారు. మందుకు లొంగని నొప్పి వచ్చిన రోజున దానిని బాధపెట్టకుండా సాగనంపవలసి ఉంటుందని డాక్టరమ్మ ముందుగానే చెప్పింది. కాపలాదారు భార్య ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి నానబెట్టిన దాణా గిన్నెతో తిరిగి వచ్చింది.

పాఠకులలో తోటలున్నవారూ, పొట్టి జంతువుల మీద ముచ్చటపడేవారూ ఉంటారు. కొనేముందు ఒక్క పని చేయండి. తల్లినీ తండ్రినీ చూపించమనండి. అవి ఒకే ఇంటివా అని అడగండి. ఇంతకుముందు ఈతలో ఏమయిందో అడగండి. జవాబు చెప్పడానికి ఎవరైనా విసుక్కుంటే, కాజీపల్లి పెద్దాయనను తలచుకుని మరొక్కసారి అడగండి.